హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు టెక్సస్‌లో తుపాకి ఉంచుకోవచ్చా? ఈ కన్సీల్డ్ క్యారీ (తుపాకి దాచుకుని బయట తిరగడం) గొడవలో ఎవరి మాట నిజం?

ప్రశ్న: ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది హెచ్‌1బీ, భార్యది హెచ్‌4. పిల్లలకి ఏడేళ్ళు, మూడేళ్ళు. టెక్సస్‌లో ఇప్పుడు లైసెన్స్ లేకుండానే తుపాకి నడుముకి పెట్టుకుని తిరగొచ్చంటున్నారు. గ్రీన్ కార్డ్ ఉన్న ఒక ఫ్రెండ్ ఆరు వారాలు ఇండియా వెళ్తూ తన పిస్టల్ మా ఇంట్లో పెట్టమంటున్నాడు, "నీకూ కాస్త ధైర్యంగా ఉంటుంది" అంటున్నాడు. ఉంచుకోవచ్చా? గన్ కంట్రోల్ వాదనలో అసలు ఎవరు కరెక్ట్?

సమాధానం:

పిస్టల్ సంగతి ముందు. ఉంచుకోవద్దు. ఆరు వారాలు కాదు, ఒక్క రాత్రి కూడా వద్దు.

నా గురించి రెండు ముక్కలు చెప్తే నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో తెలుస్తుంది. 1998లో ప్రోగ్రామర్‌గా వచ్చాను, అప్పటి నుంచి డాలస్ చుట్టుపక్కలే ఉన్నాను. మధ్యలో ఆరేళ్ళు మా పెదనాన్నగారి అబ్బాయితో కలిసి ఒక కన్వీనియెన్స్ స్టోర్ నడిపాను. 2013 నుంచి టెక్సస్ క్యారీ లైసెన్స్ ఉంది. ఇంట్లో సేఫ్‌లో రెండు తుపాకులున్నాయి. లాయర్‌ని మాత్రం కాదు, కాబట్టి చివరి మాట మీ ఇమిగ్రేషన్ లాయర్‌దే.

"టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట నిజమే, కానీ అది రాష్ట్ర చట్టం. మీరు నాన్‌ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద ఉన్నారు. అలాంటివాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. ఈ నిషేధాన్ని 1998లో చేర్చారు, నేను ఈ దేశంలో దిగిన ఏడాదే. మనవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "నేను కొనట్లేదుగా, మావాడి గన్ ఊరికే పట్టుకున్నాను" అంటారు. చట్టం కొనడం గురించి మాత్రమే మాట్లాడట్లేదు. దగ్గర ఉండటం గురించి, మీ అదుపులో ఉండటం గురించి మాట్లాడుతోంది. సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె పిస్టల్ పట్టుకుని దిగిన ఫొటో కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రేంజ్ వాడు డ్రైవింగ్ లైసెన్స్ చూసి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తాడు. వీసా స్టేటస్ ఏమిటని వాడు గట్టిగా అడగడు గానీ, ఆ కాగితంలో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. బ్యాచిలర్ పార్టీ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టిన కుర్రాళ్ళని చూస్తే నాకే టెన్షన్.

శిక్ష సంగతి కూడా వినండి. 2022 దాకా గరిష్ఠంగా పదేళ్ళు ఉండేది. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన కొత్త చట్టం దాన్ని పదిహేనేళ్ళు చేసింది. శిక్ష అందులో ఒక్క రోజు పడినా సరే, తుపాకి కేసులో దోషిగా తేలితే డిపోర్టేషన్‌కి అదే చాలు. పదేళ్ళు లైన్లో నిలబడి కాపాడుకున్న ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డ్ వరసలో మీ చోటు, దాని గతి ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఒక మినహాయింపు ఉంది, అదీ చెప్తాను, లేకపోతే ఎవరో ఒకరు కింద వచ్చి రాస్తారు. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన వేట లైసెన్స్ గడువులో ఉంటే ఆ నిషేధం వర్తించదు. వాల్‌మార్ట్‌లో కూడా ఇస్తారు. మనవాళ్ళలో కొందరు జింకని జూలో తప్ప చూడకపోయినా ఈ లైసెన్స్ తీసుకుని తుపాకి కొంటున్నారు. చట్టప్రకారం దారి ఉన్నమాట నిజమే. కానీ టెక్సస్ వేట లైసెన్సుల సంవత్సరం ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున్న మీరు కాఫీ కలుపుకుంటున్నప్పుడు, నిన్నటిదాకా సక్రమంగా ఉన్న తుపాకి మీ బీరువాలో నేరంగా మారిపోయి ఉంటుంది. అలాంటి సన్నని తీగ మీద కుటుంబాన్ని నడిపించే ధైర్యం నాకైతే లేదు. వేట లైసెన్స్ మీద కొన్న తుపాకిని శుభ్రం చేస్తుండగా పేలి మన తెలుగు విద్యార్థి ఒకడు పోయిన వార్త 2024లో చదివే ఉంటారు.

ఇంకొక దారి కూడా ఎవరో మీకు చెప్తారు: "నేను కొని నీకిస్తాలే." కొనేటప్పుడు షాపులో 4473 అనే ఫారం నింపాలి. అందులో మొదట్లోనే, అసలు కొనేది మీరేనా అని అడుగుతారు. వేరేవాళ్ళ కోసం కొంటూ అవునని టిక్ పెడితే అది విడిగా ఇంకో ఫెడరల్ నేరం. మీకోసం కొన్నందుకు అతనికీ, తీసుకున్నందుకు మీకూ. అదే ఫారంలో గంజాయి గురించిన ప్రశ్న కూడా ఉంటుంది. రాష్ట్రం ఒప్పుకున్నా సరే, ఫెడరల్ లెక్కలో అది నేరమేనని అక్కడే రాసి ఉంటుంది. కొలరాడో ట్రిప్పులో గంజాయి గమ్మీలు తిన్న గ్రీన్ కార్డ్ బాబులు ఈ ప్రశ్న దగ్గర ఒక నిమిషం ఆగాలి. మత్తు పదార్థాల విషయంలో ఆ ఫారంలో అబద్ధం చెప్పినందుకే 2024 జూన్‌లో అప్పటి ప్రెసిడెంట్ కొడుకు హంటర్ బైడెన్‌ని జ్యూరీ దోషి అంది. అతనికి క్షమాభిక్ష పెట్టే నాన్న ఉన్నాడు. మనకి లేడు.

ఇక రెండో ప్రశ్న, ఎవరు కరెక్ట్ అని. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కానీ ఇక్కడి మాటలు మనకి సరిగ్గా అర్థం కావాలంటే ముందు మన దగ్గర ఎలా ఉంటుందో గుర్తుచేసుకోవాలి.

మా తాతగారిది ప్రకాశం జిల్లాలో కొండకి ఆనుకుని ఉన్న ఊరు. అడవి పందులు చేలో పడతాయని ఆయనకి లైసెన్స్ ఉన్న సింగిల్ బ్యారెల్ తుపాకి ఒకటి ఉండేది. నాకు బాగా గుర్తున్నది అది పేలిన రోజు కాదు, దాన్ని అప్పగించిన రోజులు. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ దాన్ని గోనెపట్టాలో చుట్టి బస్సులో పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్ళి ఇచ్చేసి, రసీదు తెచ్చుకుని దేవుడి గూట్లో పెట్టేవారు. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం. "మనదే కదా తాతయ్యా, ఎందుకివ్వాలి?" అంటే, "మనది తుపాకి, పర్మిషన్ వాళ్ళదిరా" అనేవారు.

1959 ఆయుధ చట్టం సారం అంతా ఆ మాటలో ఉంది. ఇండియాలో తుపాకి హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. మామూలు మనిషి కంటే మీకు ప్రత్యేకంగా ఏం ప్రమాదం ఉందో మీరే చూపించుకోవాలి. చేలో పందులా, ప్రాణభయమా, బ్యాంకు డబ్బు మోసే పనా? కలెక్టర్‌కో, కమిషనర్‌కో నచ్చాలి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించారు కూడా.

న్యూయార్క్‌లో కూడా సుమారు వందేళ్ళ పాటు దాదాపు ఇదే పద్ధతి ఉండేదంటే మీరు నమ్ముతారా? ఇంటి బయట తుపాకి దాచుకుని తిరగాలంటే "సరైన కారణం" చూపించాలి. మా వీధిలో దొంగతనాలు జరుగుతున్నాయి అంటే సరిపోదు, అందరికీ లేని ప్రత్యేకమైన ప్రమాదం మీకుండాలి. అక్కడి ఇద్దరు మామూలు మనుషులకి అధికారులు కాదన్నారు. ఆ కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 2022 జూన్ 23న ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి ఆ షరతు కొట్టేశారు. దాన్నే బ్రూయెన్ తీర్పు అంటారు. జస్టిస్ థామస్ రాసిన వాదన తేలికగా చెప్పాలంటే ఇది: మాట్లాడటానికీ, గుడికి వెళ్ళడానికీ మీకెందుకు అవసరమో ముందు నిరూపించుకోండని ఎవరూ అడగరు, రాజ్యాంగం ఇచ్చిన హక్కుకి అలా అడగకూడదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మేరీల్యాండ్ లాంటి రాష్ట్రాల్లోనూ అదే రకం షరతులు దాంతోపాటే పోయాయి. అంటే తాతగారి మాటని ఈ కోర్టు తిరగేసింది: తుపాకీ మనదే, పర్మిషనూ మనదే.

ఆ తీర్పులోనే గొడవ రెండు వైపులా కనిపిస్తుంది, ఓపికుంటే చదవండి. వ్యతిరేకించిన జస్టిస్ బ్రేయర్ మొదటి వాక్యంలోనే 2020లో తుపాకులకి 45,222 మంది అమెరికన్లు చనిపోయారని రాశారు. దానికి జస్టిస్ అలీటో విడిగా సమాధానం రాస్తూ, న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న బఫెలోలో జరిగిన కాల్పుల్ని ప్రస్తావించి, న్యూయార్క్ చట్టం ఆ హంతకుణ్ణి ఆపిందా అని అడిగారు. ఒకాయన లెక్కల్లో మాట్లాడుతున్నాడు, ఇంకొకాయన హక్కుల్లో మాట్లాడుతున్నాడు. మీ ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర జరిగే వాదన కూడా ఇంతే. ఒకరి మాట ఇంకొకరి చెవికెక్కదు.

కోర్టు అన్నిటికీ తలుపులు తెరిచేసిందని కూడా అనుకోకండి. ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని మొదట తేల్చింది 2008లో హెల్లర్ కేసులో. ఆ తీర్పులోనే జస్టిస్ స్కాలియా ఈ హక్కుకి హద్దులున్నాయని, స్కూళ్ళు, ప్రభుత్వ భవనాల్లాంటి చోట్ల నిషేధాలు చెల్లుతాయని రాశారు. 2024లో రహీమీ కేసు వచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళని హింసించి కోర్టు ఆర్డర్ పడినవాడికి తుపాకి ఉండకూడదని ఎనిమిది మంది జడ్జిలు ఒప్పుకున్నారు, థామస్ ఒక్కరే కాదన్నారు. అదీ మన టెక్సస్ కేసే.

టెక్సస్ అంటే మొదటి నుంచీ కౌబాయ్‌లు, తుపాకులు అనుకుంటాం కదా. నిజానికి ఈ రాష్ట్రం 1871లోనే పిస్టల్ పెట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1995 దాకా, అంటే నూటపాతికేళ్ళ దరిదాపుల్లో నడిచింది. మారడానికి కారణం కిలీన్ అనే ఊళ్ళో ఒక మధ్యాహ్న భోజనం. 1991 అక్టోబర్ 16న ఒకడు ట్రక్కుతో లూబీస్ కఫెటీరియా అద్దాలు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చి కాల్చడం మొదలుపెట్టాడు. 23 మంది పోయారు. అక్కడ అమ్మానాన్నలతో భోంచేస్తున్న సుజానా హప్ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. తుపాకి లేదు. చట్టం ఒప్పుకోదని అది పార్కింగులో కారులో వదిలేసి వచ్చింది. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడే పోయారు. తర్వాత ఆమె ఊరూరూ తిరిగి సాక్ష్యం చెప్పింది, ఎమ్మెల్యే కూడా అయ్యింది. 1995లో గవర్నర్ జార్జ్ బుష్ లైసెన్స్ మీద దాచుకుని తిరిగే చట్టానికి సంతకం పెట్టాడు.

ఆమె వైపు నుంచి ఆలోచిస్తే నాకు ఎదురు చెప్పడానికి నోరు రాదు. "నా దగ్గర ఉండి ఉంటే" అనే మాటకి ఏ లెక్కా సమాధానం కాదు.

కానీ ఆ 1995 చట్టంలో క్లాసు ఉండేది, పరీక్ష ఉండేది, వేలిముద్రలు ఉండేవి. నేను 2013లో ఆ క్లాసుకి వెళ్ళాను. హాల్లో పాతికమంది. ఒక రిటైర్డ్ పోలీసాయన చెప్పాడు. ఎక్కువ టైము కాల్చడం గురించి కాదు, కాల్చకపోవడం గురించి. ఎక్కడ పెట్టుకోకూడదు, పోలీసు ఆపితే చేతులు ఎక్కడ ఉంచాలి, మాటా మాటా పెరిగితే ఎలా వెనక్కి తగ్గాలి. సాయంత్రం రేంజ్‌లో 50 రౌండ్లు: మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను గజాల నుంచి పది. 250 పాయింట్లకి 175 వస్తే పాస్. నిజం చెప్పాలంటే కష్టమైన పరీక్ష కాదు. అయినా నా పక్క లేనులో ఒకాయన మూడు గజాల నుంచి కాగితం అంచు దాటించాడు. మూడు గజాలంటే మన హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఉండేంత దూరం. ఆయన మళ్ళీ నేర్చుకుని రమ్మని ఇంటికి పంపారు.

2021 సెప్టెంబర్ 1 నుంచి ఆయన్ని ఇంటికి పంపేవాళ్ళు ఎవరూ లేరు. 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం తుపాకి ఉంచుకునే అర్హత ఉంటే చాలు. క్లాసు లేదు, పరీక్ష లేదు. దీన్ని పర్మిట్‌లెస్ క్యారీ అంటారు, ఇప్పుడు 29 రాష్ట్రాల్లో ఉంది. ఈ బిల్లు వచ్చినప్పుడు టెక్సస్‌లో కొందరు పోలీసు పెద్దలే వద్దన్నారు. తుపాకులంటే ఇష్టమున్న ఇన్‌స్ట్రక్టర్లు కూడా వద్దన్నారు.

నా అభిప్రాయం అడిగితే, నాకు ఉన్న అభ్యంతరం ఇక్కడే. తుపాకి హక్కా కాదా అన్నది నా గొడవ కాదు, అది కోర్టు తేల్చేసింది. చేతకానివాణ్ణి ఆపే ఆ చిన్న జల్లెడని తీసేశారు. ఇప్పుడు ఎవడికి వాడే జల్లెడ పట్టుకోవాలి. తనని తాను చేతకానివాడినని ఒప్పుకునేవాణ్ణి మీరు ఎంతమందిని చూశారు?

పైగా "లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట సగమే. స్కూలుకి వెయ్యి అడుగుల లోపల తుపాకి తేకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా తిరిగేవాళ్ళకి లేదు. ఫ్రిస్కోలో ఏ రోడ్డు మీద వెళ్ళినా వెయ్యి అడుగుల్లో స్కూలు తగలకుండా ఇంటికి చేరగలరా? మద్యం అమ్మకాల మీదే ఎక్కువ ఆదాయం వచ్చే బార్ల దగ్గర ఎర్రటి 51 శాతం బోర్డు ఉంటుంది, ఆ గుమ్మం దాటితే చిన్న నేరం కాదు. గుళ్ళ దగ్గర, షాపుల దగ్గర తలుపు మీద ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంకో రకం బోర్డులుంటాయి. 30.05, 30.06, 30.07 అని ఒక్కో నంబరుకి ఒక్కో అర్థం. క్లాసుకి వెళ్ళినవాడికి ఇవి కంఠతా వస్తాయి. వెళ్ళనివాడు చెప్పులు విప్పే హడావిడిలో ఆ బోర్డు చూడను కూడా చూడడు.

తుపాకి ఉన్న మంచివాడు నిజంగా ఆపగలడా అని కూడా అడుగుతుంటారు. ఆపిన సందర్భాలున్నాయి. 2019 డిసెంబర్ చివర్లో, ఫోర్ట్‌వర్త్ పక్కనే వైట్ సెటిల్‌మెంట్‌లో చర్చిలో ఒకడు ఇద్దరిని కాల్చాడు. ఆరు సెకన్లలో ఒక పెద్దాయన ఒకే ఒక్క తూటాతో వాణ్ణి పడగొట్టాడు. ఆ వీడియో చూసి మనవాళ్ళు చాలామంది గన్ షాపులకి పరిగెత్తారు. ఆ పెద్దాయన ఒకప్పుడు రిజర్వ్ డెప్యూటీ (అవసరానికి పిలిచే పోలీసు), పదిమందికి షూటింగ్ నేర్పినవాడు అన్న సంగతి మాత్రం ఫార్వర్డ్ మెసేజ్‌లో రాలేదు. 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో ఇంకొకాయన కూడా అలాగే హంతకుణ్ణి పడగొట్టాడు. పడినవాడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసు ఇతనే హంతకుడనుకుని కాల్చేశాడు. మీది నా రంగు, నా యాస అనుకోండి. పోలీసులు వచ్చే సమయానికి చేతిలో తుపాకితో నిలబడి ఉన్నది మీరైతే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

లెక్కల దగ్గరికొస్తే జాగ్రత్తగా ఉండాలి, రెండు వైపులవాళ్ళూ తమకి కావలసిన అంకెనే చూపిస్తారు. ఆత్మరక్షణకి తుపాకి వాడిన సందర్భాలు ఏడాదికి 25 లక్షలని 1990లలో ఒక సర్వే చెప్పింది. ప్రభుత్వం చేసే నేర బాధితుల సర్వే ప్రకారం అది దాదాపు 70 వేలు. ముప్ఫై రెట్ల పైచిలుకు తేడా! క్యారీ చట్టాల వల్ల నేరాలు తగ్గాయని జాన్ లాట్ అనే ఆర్థికవేత్త వాదించారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆ లెక్కలు తిరగేసి, తగ్గాయనీ పెరిగాయనీ చెప్పడానికి ఆధారం చాలదంది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ డోనహ్యూ బృందం, ఇలాంటి చట్టం వచ్చిన పదేళ్ళకి హింసాత్మక నేరాలు, ఆ చట్టం రాకపోయుంటే ఉండేదానికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువ ఉన్నాయని తేల్చింది. కార్లలో వదిలేసిన తుపాకులు దొంగతనానికి పోవడం అందులో ఒక కారణమంటారు. నాకు ఈ చివరిది నమ్మబుద్ధి అవుతుంది. ఎందుకంటే బోర్డు ఉన్న ప్రతిచోటా తుపాకి కారులో వదిలి వెళ్ళాల్సిందే, కారు అద్దం పగలగొట్టడం ఎంతసేపు?

నాకు మాత్రం అంకెలకంటే 2010 జనవరిలో ఒక రాత్రి ఎక్కువ నేర్పింది. పదిన్నర దాటింది, స్టోర్ మూసే వేళ. అప్పటికి నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. కౌంటర్ కింద, లాటరీ టికెట్ల స్టాండుకి వెనక, కుడి మోకాలు తగిలేచోట .38 రివాల్వర్ ఉండేది. హుడీ వేసుకున్న కుర్రాడొకడు వచ్చి పిస్టల్ నా ఛాతీకి పెట్టాడు. ఇరవై ఏళ్ళు ఉండవు, చెయ్యి వణుకుతోంది. వణికే చెయ్యి ఎక్కువ ప్రమాదమని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నా మోకాలికి రివాల్వర్ తగులుతూనే ఉంది. వాడి భుజం మీంచి చూస్తే గాజు తలుపు, దాని అవతల రెండో నంబరు పంపు దగ్గర మినీవ్యాన్, అందులో వెనక సీట్లో పిల్లలు, లోపల లైటు వెలుగుతోంది. గల్లా తెరిచి ఇచ్చేశాను. 212 డాలర్లు. వాడు పోయాక పావుగంట నేలమీద కూర్చుండిపోయాను.

తీసి ఉంటే గెలిచేవాడినేమో. అక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో స్టోర్ నడిపే ఒక గుజరాతీ పెద్దాయన తుపాకి చూపిస్తే దొంగ పారిపోయాడు, ఆయన ఇప్పటికీ ఆ కథ చెప్తాడు. ఆయనది తప్పని నేను అనను. మూడేళ్ళ తర్వాత క్లాసులో ఆ పోలీసాయన "మీ టార్గెట్ వెనక ఎవరున్నారు?" అని అడిగినప్పుడు నాకు మాత్రం ఆ మినీవ్యానే కనిపించింది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. 2023 మే నెలలో అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని చంపినప్పుడు, వాళ్ళలో మన తెలంగాణ అమ్మాయి కూడా ఉందని తెలిసి, మా వాట్సాప్ గ్రూపులో ఆ వారమే ఆరుగురు తుపాకి కొనడం గురించి అడిగారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, మేమూ ఆ మాల్‌కి వెళ్ళేవాళ్ళమే. కానీ తుపాకి ఇంటికొచ్చాక ఎక్కువగా పేలేది అలాంటివాడి మీద కాదు. 2022లో ఈ దేశంలో తుపాకులకి పోయిన 48 వేల పైచిలుకు మందిలో 27 వేల మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్ళే. మన ఇళ్ళల్లో ఎవరూ పైకి చెప్పరు గానీ లేఆఫ్ వచ్చి, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల లెక్క మొదలైన హెచ్‌1బీ కుర్రాడి రాత్రులు ఎలా ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మాత్రలు మింగినవాణ్ణి చాలాసార్లు ఆసుపత్రి బతికిస్తుంది. తుపాకికి రెండో అవకాశం ఉండదు. అలాంటి రోజులు నడుస్తున్న ఇంట్లో సేఫ్ ఉన్నా సరే తుపాకి ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే 988కి ఫోన్ చెయ్యొచ్చు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇక మీ మూడేళ్ళవాడు. బీరువా పై అరలో, బట్టల కింద పెడతాంలే అంటారు అందరూ. మీ బిస్కెట్ డబ్బా ఏ అరలో పెట్టినా వాడు కనిపెట్టాడా లేదా? పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా తుపాకి వదిలేస్తే టెక్సస్‌లో కూడా నేరమే. తుపాకుల విషయంలో ఈ రాష్ట్రం పట్టుదలగా ఉంచుకున్న కొద్దిపాటి నియమాల్లో అదొకటి.

మీ ఫ్రెండ్‌కి ఏం చెప్పాలో కూడా రాస్తాను, ఊరికే కాదంటే బాధపడతాడు. అతను వెళ్ళే ముందు తన ఇంట్లోనే గోడకి బోల్టులతో బిగించిన సేఫ్‌లో పెట్టి తాళం వెయ్యొచ్చు. కొన్ని గన్ షాపులు, రేంజ్‌లు అద్దె తీసుకుని దాచిపెడతాయి. లేదా ఇక్కడే ఉండే, సిటిజన్ అయిన ఇంకో స్నేహితుడికి ఇవ్వొచ్చు. మీ ఇంట్లో సేఫ్‌లో పెట్టి తాళం చెవి అతనే ఇండియా పట్టుకెళ్తానన్నా ఒప్పుకోకండి. అది మీ అదుపులో లేదని కోర్టులో వాదించుకోవాల్సింది మీరే, అతను అప్పుడు గుంటూరులో పెళ్ళి భోజనం చేస్తుంటాడు.

అతనికి ఇంకో మాట కూడా చెప్పండి. సూట్‌కేసులు సర్దే ముందు రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు, జాకెట్లు అన్నీ బోర్లా తిప్పి దులపమనండి. ఇక్కడి విమానాశ్రయాల్లో 2023 ఒక్క ఏడాదే ప్రయాణికుల దగ్గర 6,737 తుపాకులు దొరికాయి, దాదాపు అందరూ చెప్పింది "మర్చిపోయాను" అనే. ఇండియాలో అయితే తుపాకి అక్కర్లేదు, ఒక్క తూటా చాలు, ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. తెలిసి పెట్టుకోలేదని నిరూపిస్తే కోర్టులు కొట్టేసిన కేసులున్నాయి, కానీ అప్పటికి సెలవు అయిపోతుంది, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంటుందో తెలియదు.

2016లో మా అమ్మకి బాగోలేదని హడావిడిగా హైదరాబాద్ బయల్దేరుతూ నేను నల్ల బ్యాక్‌ప్యాక్ ఖాళీ చేశాను. ఛార్జర్లు, పెన్నులు, పాత బోర్డింగ్ పాసులు. రెండు జిప్పులూ చూశాను. ఎందుకో పక్క జేబు కూడా తలకిందులు చేస్తే కార్పెట్ మీద ఒక తొమ్మిది ఎంఎం తూటా పడింది. ఎప్పటిదో నాకే తెలియదు.